సాయంకాలం షోకి వేరే టికెట్టు

సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వాటర్ పార్కుకు బయలుదేరేవాళ్లు, ఎందుకో తెలియదు, నన్నే అడుగుతారు. "పగటి టికెట్టు చాలా, సాయంత్రం షోకి కూడా వేరేగా కట్టమంటావా?" అని. నా మొహం మీద ఏమైనా రాసి ఉందేమో. ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండిపోతుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నా బుద్ధి గడ్డి తిని నేను చూసిన ఒకే ఒక్క సాయంత్రం షో వల్ల మా అక్క ఇంట్లో శుభకార్యం నీళ్లపాలయింది. నీళ్లపాలయిందనడం కూడా తప్పే. నీళ్లంటూ ఉంటే కదా!

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగు సూపర్‌వైజరుని. నలభై మంది ఆడవాళ్లను ఒక్క ఈలతో కూర్చోబెట్టి, ఇంకో ఈలతో లేపేదాన్ని. దానివల్ల నాకొక జబ్బు పట్టుకుంది. ఎక్కడ నలుగురు ఊరికే నిలబడి కనిపించినా, వాళ్లను వరుసలో పెట్టి ఏదో ఒక పని చేయించకపోతే నాకు అన్నం సయించేది కాదు. దోషం ఎవరిదా అని తర్వాత మీరు వెతుక్కోకుండా ముందే చెప్పేస్తున్నాను.

ఆ ఏడు మే నెల సెలవుల్లో నేనూ, మా ఆయనా, తొమ్మిదేళ్ల మా కల్పనా కలిసి విరుదునగర్‌లో మా అక్క ఇంటికి వెళ్లాం. అక్క రెండో వాడికి చెవులు కుట్టించే పండగ. నాగలాపురం వైపు నుంచి రెండు వ్యాన్ల నిండా చుట్టాలు దిగుతున్నారు. వంటమనిషి, పందిరి, అరిటాకులు అన్నీ కుదిరాయి. కుదరనిదల్లా నీళ్లు. ఆ వీధి కుళాయిలో నీళ్లు రావడం అంటే పదిహేను రోజులకొకసారి వచ్చే పండగ. ఇంట్లో బోరు ఉంది గానీ, ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే మొహం అష్టవంకరలు తిరుగుతుంది. అందుకే అక్క వారం ముందే ఒక మంచినీళ్ల లారీ మాట్లాడి పెట్టుకుంది. పండగ ముందు రోజు సాయంత్రం అయిదుకు లారీ వస్తుంది, డ్రమ్ములన్నీ నింపుకోవాలి.

సరిగ్గా ఆ ముందు రోజే మేం పార్కుకు బయలుదేరాం. కల్పనకు ఏడాదిగా చెబుతున్న మాట అది. మధురై రోడ్డు మీద కొత్తగా వచ్చిన పార్కు. అక్క గుమ్మంలో నిలబడి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఏమే లచ్చిమీ, పొయ్యి సంతోషంగా ఆడుకోండి. నాలుగు గంటలకంతా ఈడ ఉండల్ల. లారీ వచ్చేటప్పుడు డ్రమ్ము పట్టేదానికి చేయి కావల్ల నాకు."

"నాలుగేంది, మూడున్నరకే వచ్చేస్తాం. నువ్వు పేసామ ఉండు అక్కా."

ఈ 'నువ్వు ఊరికే ఉండు' అనే మాట నా నోట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు నష్టపోయారు. అప్పటికి ఆ సంగతి నాకు తెలియదు.

పార్కు విషయానికి వస్తే, పగలంతా మేం చేసింది వరుసల్లో నిలబడడం. టికెట్టుకు వరుస. చీర కట్టుకుని నీళ్లలో దిగకూడదట, అద్దె నైలాను బట్టలకు ఇంకో వరుస. ఆ బట్టలు తొడుక్కున్నాక నన్ను చూసి మా ఆయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. జారుడుబల్లకు వరుస, అన్నానికి వరుస. నేల బండలు పెనంలా కాలుతుంటే అందరం ఒంటికాలి మీద గెంతుతూ నిలబడ్డాం. మూడు గంటలకు తీరా అలల కొలను దగ్గరికి చేరేసరికి, పొద్దుటి నుంచి వచ్చినవాళ్లు తలా కొంచెం ఒంటి మీద వేసుకుని వెళ్లిపోగా, నీళ్లు మోకాలి దాకా దిగాయి. కల్పన అందులో చతికిలబడి చేతులతో తల మీద పోసుకుంది.

"దీనికా ఇంత దూరం వచ్చింది! ఇంట్లో చెంబుతో పోసుకునేదే కద ఇది!" అన్నాను.

"సరి, చూసింది చాలు. బట్టలు మార్చుకో, పోదాం" అన్నాడు మా ఆయన.

అప్పుడే మైకు గొంతు సవరించుకుంది. సాయంత్రం షో! రంగు దీపాలు! నిజమైన అలలు! పాటలతో కృత్రిమ వాన! టికెట్టు వేరే!

నా మనసు అక్కడే జారింది. ఇంతసేపూ పడ్డ కష్టమంతా ఆ షో ఒక్కటి చూస్తే తీరిపోతుందనిపించింది. పోయిన డబ్బును రాబట్టుకోవడానికి ఇంకా డబ్బు పెట్టే తెలివి అన్నమాట.

"నీకు మతి ఉండాదా?" అన్నాడు ఆయన. "అయిదుకు అక్కకు లారీ వస్తాది కద?"

"ఏ లారీ చెప్పిన టైముకు వచ్చిందండి? అయిదంటే ఏడు. మనం ఆరున్నరకంతా ఆడ ఉంటాం."

"ఒకయాళ అయిదుకే వస్తే?"

"వస్తే బావ పట్టడా డ్రమ్ము? బావకు చేతులు లేవా?"

"బావకు నడుము నొప్పి."

"రేపటి పండగ బావ కొడుకుది. నొప్పి ఓర్చుకోడా?"

ఆయన సంచి భుజాన వేసుకుని నా వెనకే నడిచాడు. పెళ్లయిన పదేళ్లలో ఆయన కనిపెట్టిన ఉపాయం అదొక్కటే.

టికెట్టు గది దగ్గరికి వెళ్తే మేనేజరు తలుపు మూస్తున్నాడు. సాయంత్రం షోకి ఎవరూ చేరలేదట. ముప్పై మందైనా ఉంటే తప్ప గిట్టదని తమిళంలో చెప్పాడు. "కొలనులో నీళ్లు చూశారుగా అమ్మా. షో నడపాలంటే బయటి నుంచి లారీ పిలిపించాలి. ముగ్గురి కోసం లారీ పిలిస్తే మా ఓనరు నన్ను పిలిచి ఇంటికి పంపిస్తాడు."

తెలివైన మనిషైతే అక్కడే దేవుడికి దండం పెట్టి బస్సెక్కేది. నేను చుట్టూ చూశాను. చెట్ల కింద, గోడల పక్కన, బస్సు కోసమో, తడి ఆరడం కోసమో జనం ఊరికే నిలబడి ఉన్నారు. ఊరికే! నా జబ్బు సంగతి చెప్పాను కదా.

"ముప్పై మందే కదా? పది నిమిషాలు ఉండండి" అన్నాను మేనేజరుతో.

అరుప్పుకోట్టై నుంచి వచ్చిన నేతవాళ్ల కుటుంబం దగ్గర మొదలుపెట్టాను. "ఇంత దూరం వచ్చి అల చూడకుండా పోతారా? పిల్లలు పెద్దయ్యాక అడిగితే ఏం చెబుతారు?" అన్నాను. ఆ పిల్లలు వెంటనే ఏడుపు అందుకున్నారు. ఒక ముసలాయన తనకు ఆయాసం అన్నాడు. సాయంత్రపు నీళ్లు ఆయాసానికి చాలా మంచివని చెప్పాను. నాకెవరు చెప్పారని మీరు అడక్కండి. సాత్తూరు టపాకాయల కంపెనీ కుర్రాళ్లు ఆరుగురు దొరికారు, వాళ్లకు పాటలు ఉన్నాయంటే చాలు. మా ఆయన మాత్రం నాకు సంబంధం లేని మనిషిలా దూరంగా నిలబడి, అక్కడి బోర్డు మీద నీళ్లలో ఉమ్మివేయరాదన్న సూచనను పదే పదే చదువుకుంటున్నాడు.

పావుగంటలో ముప్పై నాలుగు మందిని వరుసలో నిలబెట్టాను. మేనేజరు ముచ్చటపడిపోయి ఫోను అందుకున్నాడు. ఒకడు లారీ లేదన్నాడు, ఇంకొకడు రిపేరన్నాడు. మూడోవాణ్ణి ఆయన అయిదు గంటల దాకా బతిమాలి, బెదిరించి, ఎక్కువ ఇస్తానని ఆశపెట్టి ఒప్పించాడు. నేను పక్కనే నిలబడి, "ఇంకొంచెం ఇస్తానని చెప్పండి సార్, వస్తాడు" అని సలహా కూడా ఇచ్చాను. ఆ సలహా గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అయిదున్నరకు లారీ గేటు దాటి వచ్చింది. ముప్పై నాలుగు మందీ చప్పట్లు! నేను రెండు వేళ్లు నోట్లో పెట్టి, నలభై మందిని లేపే ఫ్యాక్టరీ ఈల వేశాను. డ్రైవరు ఉలిక్కిపడి బండి ఆపి, తల బయటికి పెట్టి నన్ను నిదానంగా చూసి, మళ్లీ ముందుకు పోనిచ్చాడు.

ఇక షో చెబుతాను వినండి. మొదటి ముప్పావుగంట, లారీలోంచి గొట్టం ద్వారా కొలనులోకి నీళ్లు పడడం. మేమంతా గట్టు మీద కూర్చుని అది చూశాం. ఈ వైపు మనుషులం, పుట్టినప్పటి నుంచి నీళ్ల లారీలు చూస్తూ పెరిగినవాళ్లం, ఇంకో నీళ్ల లారీని చూడడానికి వేరేగా టికెట్టు కొని కూర్చున్నాం! తర్వాత మేం నీళ్లలో దిగితే మిషను మూడు అలలు తీసింది. నాలుగో అల సగంలో ఉండగా కరెంటు పోయింది. కృత్రిమ వాన అనేది రంధ్రాలు పడ్డ పైపు. అందులో మిగిలిన నీళ్లు టికెట్టు కొన్నవాళ్లకు తలా రెండు చుక్కల చొప్పున రాలాయి. ఆయాసం ముసలాయన దగ్గుతూ వచ్చి, "ఏమ్మా, ఇదేనా మందు?" అని అడిగి వెళ్లాడు.

మేం అక్క ఇల్లు చేరేసరికి ఏడున్నర. వాకిట్లో ఎనిమిది డ్రమ్ములు నోళ్లు తెరుచుకుని నిలబడి ఉన్నాయి. వాటి మధ్య పీట వేసుకుని అక్క కూర్చుని ఉంది. ఆలస్యంగా వచ్చామని ఒక్క మాట కూడా అనలేదు.

"లారీ రాలేదే" అంది. "ఇదో వస్తా, అదో వస్తా అనె. మీ బావ ఊరంతా తిరిగి తిరిగి వచ్చినారు. ఇంకో లారీ ఏదీ దొరకలే. రేపు అంతమందికి ఏం పెట్టేది నేను?"

 చూస్తుంటే నాకు బాధేసింది. ఆ బాధంతా ఎవరి మీదో ఒకరి మీద దింపాలి కదా, లారీవాడి మీద దింపాను.

"మాట ఇచ్చి ఎగ్గొట్టేవాడు మనిషేనా! చంటిబిడ్డ పండగ అని తెలిసి కూడా ఇట్ల చేస్తాడా? వాన్ని నా చేతికి ఇయ్యి అక్కా. నలుగురి ముందర నిలబెట్టి అడుగుతా నేను!"

అక్క నా తల నిమిరి చెయ్యి వెనక్కి తీసుకుంది. "తల అంతా తడి. తుడుచుకోవే, జలుబు చేస్తాది" అని తన కొంగుతోనే తుడిచింది.

మర్నాడు వంటంతా బోరు నీళ్లతోనే. ఉప్పునీళ్లలో పప్పు ఉడకదన్న సంగతి మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. వంటమనిషి తెల్లవారుజాము నుంచి దాని కింద కట్టెలు తోస్తూనే ఉన్నాడు. పప్పు మాత్రం తన పట్టు విడవలేదు. అన్నం పసుపు రంగుకు తిరిగింది. చుట్టాలు మొదటి పంక్తిలో కూర్చుని సాంబారు కలుపుకున్నారు. కాసేపటికి పందిరంతా కటకటమని చప్పుడు. నాగలాపురం పెదనాయన ఒక పప్పుబద్దను వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో చూసి, "కమ్మల్లో పొదిగే రాయి ఇస్తిరా మాకు?" అన్నాడు.

అప్పుడే లారీ డ్రైవరు వచ్చాడు. మన తెలుగువాడే. మాట తప్పినందుకు మొహం చూపించి పోదామని, బిడ్డ చేతిలో పెట్టడానికి పళ్లు కూడా తెచ్చాడు. నేను సాంబారు బకెట్టు పట్టుకుని రెండో పంక్తిలో వడ్డిస్తున్నాను.

"ఎందుకు వచ్చినావు ఇప్పుడు?" అని అక్క విరుచుకుపడింది. "నా బిడ్డ పండగ పాడు చేస్తివి కదప్పా!"

"తప్పేనక్కా. నేను మీ వీధిలోకి తిరగతా ఉంటే ఓనరు పోను చేసినాడు. పార్కులో అర్జెంటు, ఆడికి పో అని. షోకి మనుషులే లేకుండా ఉన్నె, మూసేసేటట్ల ఉన్నెనంట. ఎవరో ఒక అమ్మ ఆడ జనాన్నంతా చేర్చి, వరుసలో నిలబెట్టి, నడిపి తీరల్ల అని పట్టు పట్టిందంట. నేను లోపలికి పోతే ఈల వేస్తాదక్కా! ఆడమనిషి! అంత ఈల నేను బస్టాండులో కూడా వినలే..."

చెబుతూ చెబుతూ పంక్తి వైపు తిరిగాడు. నేను బకెట్టు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకునేలోపే అతని వేలు లేచింది.

"ఇదో! ఈ అమ్మేనక్కా! మీ ఇంట్లోనే ఉండాదే!"

కటకట ఆగిపోయింది. రెండు పంక్తుల వాళ్లూ నమలడం మాని నన్నే చూశారు. మా ఆయన ఆకాశంలో ఏదో వెతుకుతున్నాడు. అప్పుడు మా కల్పన, ఎవరూ అడక్కుండానే, మహా గర్వంగా చెప్పింది: "ఆమా పెద్దమ్మా, అవును, మా అమ్మే అందర్నీ చేర్చింది. ముప్పై నాలుగు మంది!"

భూమి నోరు తెరిస్తే అందులో దూకేద్దామనుకున్నాను.  అక్క కేకలు వేస్తే ఎంతో బాగుండేది. వేయలేదు. మెల్లగా వచ్చి నా చేతిలోంచి బకెట్టు తీసుకుంది. పంక్తి చివర ఒక ఆకు వేసింది. నా భుజం పట్టి కూర్చోబెట్టి, అన్నం పెట్టి, దాని మీద సాంబారు నిండు గరిటెలు మూడు పోసింది. అడుగు నుంచి దేవి, పప్పు ఏరి మరీ పోసింది.

"తిను. ఇది సాయంకాలం షో" అంది. "మా ఇంటికి వచ్చే లారీని ఆడికి పిలిపించి, ఈల వేసింది నువ్వే కద? దీనికి టికెట్టు వద్దులే, నువ్వు మా ఇంటి పిల్ల."

పందిరి మొత్తం పగలబడి నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు. అక్క నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను ఒక్క బద్ద మిగల్చకుండా నమిలి మింగాను.

కనుక, అడిగిన వాళ్లకూ అడగబోయే వాళ్లకూ నా జవాబు ఇదే. నిండు డ్రమ్ము మీద చెయ్యి వేసి, తూర్పు తిరిగి చెబుతున్నాను: నా కంఠంలో ప్రాణం ఉండగా సాయంత్రం షోకి టికెట్టు కొనను, కొననివ్వను. జనం ఊరికే నిలబడి ఉంటే నిలబడనిస్తాను. ఎక్కడైనా నీళ్ల లారీ ఎదురైతే రెండు చేతులూ కట్టుకుని పక్కకు తప్పుకుని, "అన్నా, ఇది ఎవరింటికి పోవాల్సింది?" అని మాత్రం అడుగుతాను.