జిగురు పట్టని షీటు

కుమాసి పట్నం కలప బజారులో పోకువా పేరెత్తితే ముందు ఆమె నోరు గుర్తొచ్చేది, ఆమె చేసే మంచాలు ఆ తర్వాత. మొగుడు వదిలేసి పోయిన ఏడాదే ఒక పాత రంపం మిషన్ కొని, మగవాళ్ల షెడ్ల మధ్య తనూ షెడ్డు వేసింది. "ఆడదానికి రంపమేమిటి?" అన్నవాళ్లెవరూ ఆ మాట రెండోసారి అనలేదు. తమ్ముడు తాచిని పెంచింది ఆమే, పని నేర్పిందీ ఆమే.

ఒడుం అనే గట్టి కలప పలకలు మహా బరువు. రంపం దాటిన పలక అవతలి బల్ల మీద జారక మొరాయించేది. తోసి తోసి పోకువా భుజాలు పడిపోయాయి. ఒకనాడు తుక్కు కొట్టులో, మూతబడిన ఏదో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తెల్లటి ప్లాస్టిక్ షీటు కనపడింది. చెయ్యి పెడితే నిలవనంత నునుపు. ఎగిరి గంతేసినంత పని చేసి ఇంటికి తెచ్చుకుంది.

"బల్లకంతా ఇదే వెయ్యి" అంది తాచితో. "దీనికి ఏ జిగురూ పట్టదు, అన్ని వైపులా స్క్రూలే వెయ్యాలి. తలలు షీటు లోపలికి దిగాలి. ఎండకి సాగుతుంది, కన్నాలు కాస్త కోలగా తియ్యి."

"ఎన్నిసార్లు చెప్తావక్కా? నేనేమన్నా పాలు తాగే పిల్లాడినా?"

ఆమె కలప కోసం ఊరెళ్లి మర్నాడు వచ్చేసరికి బల్ల తెల్లగా మెరుస్తోంది. బయటి అంచున స్క్రూలు చక్కగా దిగి ఉన్నాయి. రంపం పక్క అంచుని మాత్రం పొట్టు కప్పేసింది.

"అంతా వేశావా?"

"అమ్మ మీద ఒట్టు."

పొద్దెక్కాక షెడ్డు రేకు కింద వేడి పెరిగింది. పోకువా పొడుగాటి పలకని రంపంలోకి తోస్తోంది. అవతల పలక ముక్కు దేనికో తగిలి ఆగింది. పక్కకి మెలి తిరిగింది. రంపం దాన్ని పట్టి వెనక్కి విసిరింది. ఎడమ ముంజేయి విరిగిన చప్పుడు ఆమెకే వినిపించింది.

కిందపడ్డ చోటునుంచే చూసింది. షీటు అంచు చాపలా పైకి లేచి ఉంది. దాని కింద ఎండి పెచ్చులూడిన జిగురు తప్ప ఒక్క స్క్రూ లేదు. నొప్పి తర్వాత వచ్చింది. ముందు ఒళ్లు మండింది.

వారం తిరక్కుండా మేనమామ, తప్పు ఒప్పుకోలుగా ఇచ్చే జిన్ను సారా సీసా పట్టుకుని, ఇద్దరు పెద్దల్ని వెంటేసుకుని ఇంటికొచ్చాడు. తాచి వాళ్ల వెనక నిలబడ్డాడు.

"పొరపాటైందంటున్నాడమ్మా. సీసా పుచ్చుకుని కోపం వదిలెయ్యి. ఒక కడుపున పుట్టారు."

పోకువా మామయ్య భుజం మీదుగా తమ్ముణ్ని చూసింది. "స్క్రూలు ఎందుకు వెయ్యలేదు?"

"స్టేడియంలో ఆట మొదలైపోతోందక్కా. ఆ పక్క కూడా వేస్తే సగం ఆట పోయేది."

"ఎవరు గెలిచారు?"

తాచి తల దించుకున్నాడు. "మనవాళ్లు ఓడిపోయారు."

"మంచి పని చేశారు!"

పెద్దల్లో ఒకాయనకి నవ్వొచ్చింది, దగ్గుతో కప్పుకున్నాడు.

"అమ్మా, ఇంత కోపం ఇంటికి మంచిది కాదు" అన్నాడు మామయ్య.

"జిగురు రాస్తే పొరపాటు మామయ్యా, ఒప్పుకుంటాను. చచ్చిన అమ్మ మీద ఒట్టేసి నన్ను రంపం ముందు నిలబెట్టడం పొరపాటా? చెయ్యి విరిగింది నాది. తప్పు చేసింది వీడు. బతిమాలేది మీరు. వీడికి నోరు లేదా? సీసా పట్టుకెళ్లండి."

మర్నాడు కట్టు కట్టిన చేతితోనే షెడ్డుకి వెళ్లింది. తాచి చేత షీటు పీకించి, జిగురంతా గీకించి, మళ్లీ పరిపించింది. ఒక్కో స్క్రూ మీదా కుడిచేతి గోరు నడిపించి చూసింది. ఎక్కడ తగిలినా, "తియ్యి. మళ్లీ వెయ్యి."

మధ్యాహ్నానికి తాచి కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పైపోయిందక్కా. ఇంకెన్నాళ్లీ కోపం?"

"నాకేం తెలుసు? చెయ్యి ఎప్పుడు మానుతుందో నన్నడిగి మానుతుందా? అదిగో ఆ మూల, ఇంకోటి తగులుతోంది."

చెయ్యి వంకరగా అతుక్కుంది. ఆమె పనిమాత్రం ఆపలేదు. తాచి ఆమె దగ్గర ఇంకొన్నేళ్లు ఉన్నాడు, పెళ్లి చేసుకున్నాడు, ఆఖరికి తన షెడ్డు తను పెట్టుకున్నాడు. షెడ్డు తెరిచే రోజు అతని భార్య బిడ్డనెత్తుకుని పిలవడానికి వచ్చింది. పోకువా బిడ్డని ఒళ్లో కూర్చోబెట్టుకుని సాయంత్రం దాకా ఆడించింది, దుంపలు దంచిన ఫుఫు ముద్ద మెత్తగా చేసి తినిపించింది. తమ్ముడి షెడ్డుకి మాత్రం వెళ్లలేదు.