అమ్మ నోట్‌బుక్కులో అరబ్బీ

మా అమ్మ పధ్నాలుగేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో ఆయాగా పనిచేసింది. నలభై రోజుల పసికందును చేతుల్లోకి తీసుకుని ఆ పిల్లకు పధ్నాలుగేళ్ళు వచ్చేదాకా పెంచింది. అమ్మ వెళ్ళేనాటికి నేను కంకిపాడులో అమ్మమ్మ దగ్గర ఐదో తరగతి చదువుతున్నాను. ఆ పిల్లంటే నాకు ఒళ్ళుమంట. దాచుకోవడం దేనికి, మొన్నమొన్నటిదాకా అంతే.

అలాంటిదాన్ని, ముప్పై ఏళ్ళు వచ్చాక ఆ పిల్ల కోసమే అరబ్బీ నేర్చుకున్నాను.

అమ్మ తిరిగొచ్చి అప్పటికి ఆరేళ్ళు. గొంతులో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి గొట్టం పెట్టాక మాట పోయింది. ఏం కావాలన్నా నోట్‌బుక్కులో రాసి చూపించేది. ఈ ఆరేళ్ళలో ఆ పిల్ల ఒక్కసారి కూడా అమ్మ ఫోన్ ఎత్తలేదు. అమ్మకు బాగాలేదని ఎవరి ద్వారానో తెలిసినట్టుంది, ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. అమ్మ అది విని గోడవైపు తిరిగి పడుకుంది. ఏమందని అడిగితే రాయలేదు. మర్నాడు మాత్రం, "దానికి నేను జవాబు చెప్పాలి. నా బదులు నువ్వు చెప్పు" అని రాసింది.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్తాను. "ఫోన్లో యాప్ ఉందిగా మేడమ్" అన్నారు స్టాఫ్ రూములో. అమ్మ ఒప్పుకోలేదు. "నీ గొంతు అచ్చం నాలాగే ఉంటుంది. దానికి ఆ గొంతు వినపడాలి" అని రాసింది. చివరికి నా గొంతు కూడా ఆ పిల్లకేనా అనిపించింది. కానీ అమ్మ ఆ వాక్యం కింద గీత గీసి మళ్ళీ చూపించింది. సరేనన్నాను.

గుణదల తిరునాళ్ళు అయిన వారం నుంచి ప్రతి ఆదివారం భవానీపురం వెళ్ళాను. అక్కడ ఉర్దూ స్కూల్లో చేసి రిటైరైన ఒక మాస్టారున్నారు. వయసులో ఉండగా కొన్నేళ్ళు గల్ఫ్‌లో కూడా ఉండొచ్చారు. మొదటి రోజు "అల్ బైతు కబీర్" అని పలక మీద రాశారు. ఇల్లు పెద్దది.

"చూశారా అమ్మా, మధ్యలో ఇంగ్లీషులోలాగా 'ఈజ్' లేదు. ఇల్లు, పెద్దది, అంతే. మన తెలుగూ అంతే గదా. ఇంగ్లీషు మీడియం పిల్లలు ఇక్కడే ఆగిపోతారు."

ఆ రోజు నాకు ధైర్యం వచ్చింది. తర్వాతి వారం అది కాస్తా పోయింది. క్రియ ఉన్న వాక్యంలో సాధారణంగా క్రియే ముందు వస్తుందట. "జహబతిల్ ఉమ్ము" అని రాశారు. వెళ్ళింది అమ్మ. ముందు వెళ్ళడం, ఆ తర్వాతే అమ్మ. మా ఇంట్లోనూ అదే వరుస కదా అనుకున్నాను. ఏళ్ళ తరబడి పిల్లల చేత కర్త, కర్మ, క్రియ అని వల్లె వేయించినదాన్ని, ఏడాది పిల్లలా పడుతూ లేస్తూ నేర్చుకున్నాను.

మూడో ఆదివారం ఫోన్ తీసుకెళ్ళి ఆ పిల్ల మెసేజ్ వినిపించాను. మాస్టారు రెండుసార్లు విన్నారు. పుస్తకం భాష వేరు, ఇళ్ళలో మాట్లాడేది వేరు, అందుకని నిదానంగా చెప్పారు.

"తిరిగొస్తానని చెప్పి వెళ్ళావు. నీ గది ఎవరికీ ఇవ్వనివ్వలేదు. ఎందుకు అబద్ధం చెప్పావు? అంటందమ్మా ఆ అమ్మాయి."

అమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. నాకు కోపమొచ్చింది. అమ్మ నోట్‌బుక్కు మాస్టారి ముందు పెట్టాను. తనకు వచ్చిన అరబ్బీ మాటలన్నీ నాకు సాయంగా ఉంటాయని తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది. రూహీ, వెళ్ళు. తఆలీ, రా. జీబీ, తీసుకురా. ఆయన ఒక్కో మాట మీద వేలు పెట్టి చదువుతూ పేజీలు తిప్పారు.

"అన్నీ ఆడమనిషికి పని చెప్పే మాటలేనమ్మా. నేను ఫలానా చేస్తాను అనేది ఒక్కటీ లేదు" అన్నారు. ఆఖరి పేజీలో ఒక్కటి దొరికింది. "అరూహ్ వ అర్జా."

"వెళ్తాను, తిరిగొస్తాను" అని చెప్పి ఆయన నా వైపు చూశారు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. గుమ్మం దాటుతూ మనం వెళ్తున్నాను అనం. వెళ్ళొస్తాను అంటాం. అమ్మ శాశ్వతంగా వచ్చేస్తూ, మనింట్లో అన్నట్టే అక్కడా అంది. పధ్నాలుగేళ్ళ పిల్ల దాన్ని పట్టుకుని ఆరేళ్ళు ఎదురుచూసింది.

ఇంటికొచ్చి చెబితే అమ్మ రాసింది: "వెళ్తున్నానని ఎట్టా అంటానే, అశుభం గదా." కింద ఇంకో వరుస. "ఇంక రానని చెప్పు. నా కోసం చూడొద్దని చెప్పు. అది క్షమిస్తే చాలు."

ఆ ముక్కలు అరబ్బీలో ఎలా అనాలో మాస్టారిని అడిగాను. "మంచంలో ఉన్న మనిషి ఇంక రానంటందని నా నోటితో చెప్పించకండమ్మా" అన్నారు. కాసేపటికి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మా అర్జా" అన్నారు. తిరిగి రాను. నేను బయల్దేరుతుంటే మామూలుగా "వెళ్ళిరండమ్మా" అన్నారు.

అప్పటికి అమ్మను మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాం. మంచం పక్కన కూర్చుని, అమ్మ నా చెయ్యి పట్టుకుని ఉండగా, ఫోన్లో అరబ్బీలో అమ్మలాగా చెప్పి పంపాను. అబద్ధం కాదు బిడ్డా, మా ఊళ్ళో వెళ్ళేటప్పుడు అలాగే అంటాం. నేనింక రాను. నా కోసం చూడకు. కోపం పెట్టుకోకు.

మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. కొంచెంసేపు ఏడుపే. తర్వాత, "నాకు కోపం లేదు. రూహీ యుమ్మా, రూహీ."

నేను తెలుగులో చెప్పబోతే అమ్మ చెయ్యెత్తి ఆపింది. రూహీ అనేది నోట్‌బుక్కులో మొదటి మాట. పధ్నాలుగేళ్ళు పనిమనిషిగా విన్న మాట. ఇప్పుడు పక్కన యుమ్మా ఉంది, అంటే అమ్మా అని. అమ్మ మొహం ఎంత తేలికపడిందో నేను చూశాను. రోజూ సాయంత్రం "వెళ్ళొస్తానమ్మా" అంటూ ఇంటికి వెళ్ళే నేను, అమ్మను వెళ్ళమని ఒక్కసారి కూడా అనలేకపోయాను. ఆ పిల్ల అనగలిగింది. ఆ క్షణం నుంచి నాకు దానిమీద మంట లేదు.

నాలుగో రోజు అమ్మ పోయింది. చావు ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తామనకూడదు కాబట్టి, వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మాట్లాడకుండా లేచి వెళ్ళారు. సమాధుల తోటకు మాస్టారు కూడా వచ్చి చివర్న నిలబడ్డారు. ఫాదర్‌గారి ప్రార్థన అయ్యాక పిడికెడు మట్టి వేసి, "రూహీ, అమ్మా" అన్నాను. మావాళ్ళు ఏదో ప్రార్థన అనుకున్నారు. మాస్టారు తల వంచుకున్నారు.