కాలువ పడవలో కొళాయి

కాలువ మీద తిరిగే పడవకు మంచినీళ్ల కొళాయి అవసరమా కాదా అని నన్నొకసారి ఇంగ్లీషులో రాసివ్వమన్నారు. రాసిచ్చాను. నేను రాసింది తప్పో ఒప్పో ఈ రోజుకీ నాకు తెలియదు. ఇన్నేళ్ల తర్వాత ఆలోచిస్తే తెలుస్తుందేమోనని చూశాను గానీ, ఆలోచించే కొద్దీ ఇంకా చిక్కుపడింది.

అవి యాభైల నాటి సంగతులు. కర్నూలు నుంచి కడపకు పోయే కాలువను మొదట్లో పడవలు నడపడానికే తవ్వారట. నేను ఉద్యోగంలో చేరేనాటికి సరుకుల పడవలు ఎప్పుడో మాయమైపోయాయి. కాలువ నీళ్లన్నీ పైర్లకే. మిగిలింది ఒక్క తనిఖీ పడవ. దాని మధ్యలో చెక్క గది, వెనక వంట పొయ్యి, ముందు నలుగురు కూర్చునేంత చోటు. ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ మోకుతో దాన్ని లాగేవాళ్లు. కట్ట ఎక్కడ బలహీనపడింది, తూము ఎక్కడ కారుతోంది అని ఓవర్సీరు చూసి చెబుతుంటే నేను రాసుకునేవాణ్ణి. అందుకని అందరూ నన్ను రైటరు అని పిలిచేవాళ్లు.

మాది కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె. మా నాయన కూలికి పోతూనే నన్ను మిషను బడిలో చదివించాడు. మా ఊరిదాకా వచ్చినవాళ్లకు నేనెవరినో వేరే చెప్పే పని ఉండేది కాదు, చర్చి పక్కన ఇల్లు అంటే చాలు. అంటరానితనం నేరమని బడి గోడల మీద పెద్ద అక్షరాలతో రాసిన రోజులవి. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని మా ఊరి గోడ మీద నా చేతనే రాయించారు.

కాలువ నిండా నీళ్లున్నా అవి ఎర్రటి బురద నీళ్లు. తాగడానికి గట్టు పక్క ఊళ్ల బావుల నుంచి తెచ్చుకోవాల్సిందే. అందులో సగం ఊళ్ల బావులు ఉప్పు. మంచినీళ్ల బావి దొరికిన చోట రెండు పెద్ద కుండలు నింపుకుంటే మళ్లీ దొరికేదాకా అవే దిక్కు. ఆ కుండలకు కాపలా మా వంటాయన. అరవై ఏళ్ల మనిషి, నోరు పెద్దది, మనసు మెత్తన. నాకు ఇష్టమని చెనిక్కాయల ఊరిమిండి, అదే వేరుశనగ పచ్చడి, నూరినప్పుడల్లా నా రొట్టె మీద ఇంకో ముద్ద ఎక్కువ వేసేవాడు. నాకు జ్వరం వస్తే రెండు రోజులు నా పక్కనే కూర్చున్నాడు కూడా.

కుండ మాత్రం నేను ముట్టేవాణ్ణి కాదు. దాహమైతే "పెద్దాయనా, రవ్వన్ని నీళ్లు" అనేవాణ్ణి. ఆయన పొయ్యి దగ్గర నుంచి లేచి, ముంతతో ముంచి, జానెడు ఎత్తు నుంచి నా దోసిట్లో పోసేవాడు. మిగిలిన వాళ్లు ఎవరికి వాళ్లు ముంచుకునేవాళ్లు. కుండ ముట్టొద్దని నాతో ఎవరూ అనలేదు, ఆ మాట నిజం. పడవెక్కిన మొదటి రోజు నేనే దోసిలి పట్టాను, ఆయన పోశాడు. రెండో రోజూ అంతే. ఊరికే ఆయన్ను లేపడం ఇబ్బందనిపించి, రోజుకు నాలుగుసార్లకు మించి అడగకూడదని నాకు నేనే ఒక హద్దు పెట్టుకున్నాను. ఎండాకాలం చివర్లో ఆ నాలుగు ఏ మూలకూ చాలేవి కావు.

ఇంతలో కొత్త ఇంజనీరు వచ్చాడు. ఆయన మద్రాసు రేవులో ఆఫీసర్ల లాంచీ ఎక్కినప్పుడు, తిప్పితే మంచినీళ్లు జివ్వున వచ్చే కొళాయి చూశాడట. మన పడవకు మాత్రం ఏం తక్కువ అనుకున్నాడు. గది కింద ఒక ఇనుప డ్రమ్ము పెట్టించి, గాలి పోకుండా మూత బిగించి, దానికో పంపు తగిలించాడు. గ్యాసులైటుకు కొట్టినట్టు ఆ పంపుతో గాలి కొట్టి కొళాయి తిప్పితే నీళ్లు దూకేవి. నెల రోజులు వాడి చూసి, ఉంచాలో తీసెయ్యాలో రాసి పంపమని చెప్పి వెళ్లాడు.

మొదటి వారం అదొక తిరునాళ్ల. ఓవర్సీరు పూటకోసారి ముఖం కడుక్కున్నాడు. మోకు లాగేవాళ్లు కాళ్లకున్న బురదంతా మంచినీళ్లతోనే కడుక్కున్నారు. మూడు రోజులు రావాల్సిన నీళ్లు ఒక పగటికే అయిపోయాయి.

"తిప్పేది మీరు, బాయి కాడ్నించి మోసుకొచ్చేది నేను. నా నడుముకు యాడ పెడతారప్పా కొళాయి?" అని వంటాయన అందరినీ తిట్టాడు.

నా సంగతి చెప్పాలి. మొదటిసారి ఆ కొళాయి నేనే తిప్పి దోసిలి పట్టాను. ఎవరినీ అడగలేదు, ఎవరూ పొయ్యలేదు. కడుపు నిండేదాకా తాగి, దాహం లేకపోయినా కాసేపాగి మళ్లీ తాగాను. ఇరవై అయిదేళ్ల మగవాడు ఒక ఇత్తడి పిడి తిప్పి అంత సంతోషపడ్డాడని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. అయినా పడ్డాను.

రెండో వారానికి ఒక సంగతి కనిపెట్టాను. కొళాయి నీళ్లు తాగుతున్నది నేనొక్కణ్ణే.

"ఇనుము వాసన కొడతాండాదప్పా" అన్నాడు ఓవర్సీరు. కొట్టేది, నిజమే. "కుండ నీళ్ల సల్లదనం దీనికి యాడిది?" అన్నారు మోకు లాగేవాళ్లు. అదీ నిజమే. వంటాయన అన్నానికీ పప్పుకూ కుండలోవే వాడాడు, ఇనుము నీళ్లకు పప్పు ఉడకదన్నాడు. అంతా సబబుగానే ఉంది. మరి మొదటి రోజుల్లో వాళ్లు ఆ నీళ్లు తాగారా, లేక ముఖాలూ కాళ్లూ మాత్రమే కడుక్కున్నారా? ఎంత గుర్తు తెచ్చుకున్నా ఓవర్సీరు ముఖం కడుక్కుంటున్నట్టే కనిపించేవాడు గానీ, గుటక వేశాడో లేదో గుర్తు రాలేదు. వేసి ఉంటే నేను తాగిన తర్వాత మానేశాడా, వాసనకు మానేశాడా? నాకు పిచ్చెక్కినట్టయ్యేది.

చివరికి ఒక పరీక్ష పెట్టాను. డ్రమ్ము ఖాళీ చేసి, లోపలంతా చింతపండు వేసి తోమి, కొత్త నీళ్లు పోయించి, ఓవర్సీరును పిలిచి "ఇప్పుడు వాసన రాదు, చూడండి సార్" అన్నాను. ఆయన గ్లాసు పట్టుకుని, వాసన చూసి, సగం తాగి, "బాగానే ఉండాయి" అన్నాడు. నా గుండెల మీద బరువు దిగింది. మర్నాడు పొద్దున ఆయన కుండ దగ్గరికే పోయి ముంచుకున్నాడు. బరువు మళ్లీ ఎక్కింది. అయితే ఆయన నలభై ఏళ్లుగా కుండ నీళ్లు తాగిన మనిషి కదా, ఒక్క గ్లాసుతో అలవాటు మారుతుందా? ఇట్లా నేనే ఆయన తరఫున వకాల్తా పుచ్చుకునేవాణ్ణి, నేనే మళ్లీ తగాదా పెట్టుకునేవాణ్ణి.

నెల గడిచింది. రిపోర్టు సంగతి అడిగితే ఓవర్సీరు భోంచేస్తూ తల ఎత్తకుండా, "నువ్వే రాయప్పా. దాన్ని వాడేది నువ్వే గదా" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి ఉందా అని ఆయన ముఖం వంక చాలాసేపు చూశాను. ఆయన మజ్జిగ పోసుకుంటున్నాడు, అంతకు మించి ఏమీ కనబడలేదు.

రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. ఉంచమని రాస్తే కారణం ఏం చూపాలి? రైటరు తన చేత్తో తాను నీళ్లు తాగగలుగుతున్నాడు అని సర్కారు కాగితం మీద ఎట్లా రాస్తారు? తియ్యమని రాస్తే మళ్లీ ఆ నాలుగుసార్లు. అదీగాక ఇంకో ఆలోచన పురుగులాగా తొలిచింది. మా వైపు కాఫీ హోటళ్లలో మా వాళ్లకు వేరే గ్లాసులు ఉండేవి, బయట చూరులో బోర్లించి పెట్టేవాళ్లు. ఇప్పుడీ కొళాయి నాకు పెట్టిన వేరే గ్లాసు కాదు కదా? అట్లా అనుకోగానే రోషం వచ్చింది. నాకొక్కడికే అయితే నాకు అక్కర్లేదు అనుకున్నాను. ఆ రోషంలోనే కలం పట్టాను. నీళ్లు దుబారా అవుతున్నాయి, ఇనుము వాసన ఉంది, అయిదుగురున్న పడవకు రెండు కుండలు చాలు, తీసెయ్యవచ్చు అని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నా ఇంగ్లీషు బాగుందని ఇంజనీరు కబురు చేశాడు. కర్నూలు తిరిగి రాగానే డ్రమ్మూ కొళాయీ విప్పుకుపోయారు.

తర్వాత కొన్నాళ్లకు కడప వైపు ఒక లాకు దగ్గర పడవ కట్టేశాం. మిట్టమధ్యాహ్నం. ఓవర్సీరూ మోకు లాగేవాళ్లూ లాకు తలుపులు చూడటానికి పోయారు. వంటాయన కట్టెలకు పోయాడు. పడవలో నేనొక్కణ్ణే. పొద్దున్నే నింపిన కుండలు చేతికి అందేంత దూరంలో ఉన్నాయి, వాటి మీద మూత, మూత మీద ముంత. నాకు నాలుక పిడచకట్టుకుపోతోంది. గట్టు మీద అటూ ఇటూ చూశాను. నరపురుగు లేదు. లేచి కుండ దాకా పోయాను. కుండ కింది ఇసుక తడి నా కాళ్లకు చల్లగా తగిలింది. మూత మీదికి చెయ్యి పోలేదు. వెనక్కి వచ్చి కూర్చుని, రాసిన కొలతలే మళ్లీ రాశాను. ఎవరూ చూడని చోట నన్ను ఆపింది ఎవరో నాకు అర్థం కాలేదు. చాలాసేపటికి వంటాయన కట్టెల మోపుతో వచ్చాడు.

"ఏమప్పా, నోరట్ల ఎండకపోయిండాది?"

"దాహం, పెద్దాయనా."

మోపు కింద పడేసి ఆయన నన్నూ కుండనూ మార్చి మార్చి చూశాడు. "కుండ ఈడనే ఉండాది. ముంచుకోని తాగేది గదప్పా. ఎవురు వద్దన్నారు నిన్ను?" అన్నాడు. ఆయన గొంతులో కోపం ఉంది, అది నిజమైన కోపమే.

చెమట తుడుచుకుని, అటు తిరిగి, మూత తీసి ముంత ముంచాడు. ఆ రోజు ఆ ముంత నా చేతికిచ్చేవాడా, ఎప్పట్లాగే పైనుంచి పోసేవాడా, నాకు తెలియదు. ఆయన ఇటు తిరిగేసరికే నేను వంగి దోసిలి పట్టేశాను.