కత్తిరించిన చివరి నిమిషం

తెనాలిలో ఒక లోకల్ కేబుల్ చానల్లో పాటలు వేసే పని చేసేవాణ్ణి. ఒకరోజు ఖాళీ నింపడానికి ఏదో ర్యాప్ వీడియో వేశాను. మర్నాటి నుంచి రేపల్లె, భట్టిప్రోలు కుర్రాళ్లు ఫోన్లు చేసి ప్రాణం తీశారు. "అన్నా, ఆ గబగబా చెప్పే పాట వెయ్యన్నా!" నాకు హిప్ హాప్ గురించి ఓనమాలు తెలియవు. తెలిసినట్టు పోజు కొట్టి రోజూ రెండు వేసేవాణ్ణి.

అవి చూసి పాడటం మొదలుపెట్టినవాళ్లలో ఒకడిది రేపల్లె దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న పెనుమూడి. బాపట్లలో సెల్‌ఫోన్లు బాగుచేస్తూ, ఊరికొచ్చినప్పుడల్లా మా చానల్ చూసేవాడు. వాళ్ల నాన్న చర్చిలో డోలక్ వాయిస్తూ అందరిచేతా పాడించే మనిషి. ఏటా క్రిస్మస్‌కి మా చానల్లో వాయించడానికొచ్చేవాడు. "అదేం పాట్రా, తగువాడుతున్నట్టు" అన్నాడట కొడుకుతో. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అతను తన పాట వీడియో తెచ్చిచ్చాడు. "టీవీలో వస్తే నాన్న చూస్తాడన్నా. చివరిదాకా వెయ్యి" అన్నాడు. అలాగేనని తల ఊపాను.

మా దగ్గర ఒక అలవాటుంది. టైము చాలకపోతే పాట చివర కోసేస్తాం. సినిమా పాటకి చివర్లో మిగిలేది పల్లవే కదా, ఎవరూ అడగరు. ఇతని పాటా అలాగే కోసి, చీరాల చీరల ప్రకటన అందుకున్నాను.

మా చానల్ బాపట్లలో రాదు. సాయంత్రం ఫోన్ చేశాడు. "నాన్న చూశాడంట. మొత్తం వేశావుగా అన్నా?"

"మొత్తం వేశా" అన్నాను.

ఫోన్ పెట్టేశాక, ఎందుకో ఆ కోసిన నిమిషం పెట్టుకుని విన్నాను. అంతా నాన్న గురించే. తాళం లెక్క తప్పకుండా మాట విసరడం నీ డోలక్ పక్కన కూర్చునే నేర్చుకున్నానని చెప్పాడు. మర్నాడు మళ్లీ వేయొచ్చు. వేస్తే నా అబద్ధం బయటపడుతుంది. వేయలేదు. అంత పిరికివాణ్ణి.

"అంతా విని కూడా ఒక్క ఫోన్ చెయ్యలేదన్నా మా నాన్న" అన్నాడు వారం తర్వాత. ఆపైన అతను పాడలేదు. చానల్ కూడా మూతపడింది. ఆ వీడియో ఎక్కడా లేదు. అతని దగ్గరున్నదీ విసిగిపోయి చెరిపేశాడట.

మొన్న రేపల్లె బస్టాండులో వాళ్ల నాన్న కనిపించాడు. బాగా పెద్దవాడైపోయాడు. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఒక్క మాట అడుగుతా బాబూ, ఏమనుకోవద్దు. ఆ పాటలో మావాడు ఏటిని చెప్పాడు, రేవుని చెప్పాడు, ఊళ్లో అందర్నీ చెప్పాడు. నా ఊసే లేదేంటి?"

అప్పట్లో పదేపదే విన్న ఆ కోసిన నిమిషం నాకు ఇప్పటికీ పొల్లుపోకుండా నోటికొచ్చు. అక్కడే చెప్పేయొచ్చు.

"బస్సొచ్చింది బాబాయ్" అని లేచాను.