నూనె రాసిన కమాను

జడకు కొబ్బరినూనె రాసుకున్న చేత్తోనే మా అమ్మాయి వయొలిన్ కమాను అందుకోబోతే చటుక్కున ఆపాను. కమాను వెంట్రుకలకు నూనె తగిలితే వయొలిన్ పలకదు. ఆ సంగతి నాకు తొమ్మిదో ఏటే తెలిసింది.

గజపతినగరంలో నేనూ, మా మేనమామ కొడుకైన బావా ఒకే మాస్టారి దగ్గర వయొలిన్ మొదలుపెట్టాం. నేను కమాను లాగితే కీచుమనేది.

"ఏటే, పిల్లి పీక నొక్కేస్తన్నావేటి?" అని బావ అందరి ముందూ నవ్వేవాడు.

తప్పు నాది కాదనీ, నా కమానే పాడుదనీ నా నమ్మకం.

వినాయకచవితి పందిట్లో బావ వాయించే రోజు, వాడి కమానుకు దొంగతనంగా కొబ్బరినూనె పట్టించాను. పందిట్లో వాడు ఎంత లాగినా చప్పుడు లేదు. నా వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని, నూనె వాసనేస్తున్న చేతులు దాచుకుని, లోలోపల గంతులేశాను.

మాస్టారు నా వైపు చెయ్యి చాపారు. "ఒసే, ఈడి కమానుకి ఏటో అయినాది. నీది ఇలాగియ్యి."

నా చేతిలో ఒక్కనాడూ తిన్నగా పలకని కమాను, బావ చేతిలో మా అమ్మమ్మ గొంతులా మెత్తగా పలికింది. పందిరంతా చప్పట్లు.

బావ మీద కసి ఏనాడో చల్లారింది. ఆ కమాను మీద మాత్రం ఇంకా చల్లారలేదు.