తలుపు వైపు తిరిగిన గూడకొంగలు

కాగితం మాట వినదు. ఏలూరులో, ముసురు పట్టిన శ్రావణంలో, ఏడో నెల కడుపుతో నేలమీద చతికిలబడ్డాక ఈ సంగతి నాకు తెలిసొచ్చింది. పొద్దున అతికించిన అంచు భోజనాల వేళకి అప్పడంలా పైకి లేచి కూర్చునేది. ఫ్యాను వేస్తే కత్తిరించిన ముక్కలన్నీ ఎగిరిపోయేవి. ఆపితే నా చెమట బొట్లు పడి రంగు పాడయ్యేది. నడుము పట్టేసి, కత్తెర విసిరికొట్టి లేవబోతే లేవడం కూడా చేతనయ్యేది కాదు.

ఇదంతా మా అమ్మాయి గది కోసం. ఆరేళ్ళు నిండినా అది మా ఇద్దరి మధ్యే పడుకునేది. రెండో బిడ్డ వచ్చేలోపు దాన్ని వేరే పడుకోబెట్టాలని, బియ్యం బస్తాలు పెట్టుకునే పక్క గది ఖాళీ చేయించి, రంగు వేయించి, చిన్న మంచం కొన్నాం. రాబోయే బిడ్డ కోసం తనని పక్కకి నెట్టేశారన్న మాట దాని మనసులో పడకూడదు. ఆ గదిలోకి అదే ఇష్టపడి పరుగెత్తాలి. నా తాపత్రయమంతా అదే. గోడకి ఏం బొమ్మ కావాలే అని అడిగితే, "కొల్లేరు. గూడకొంగలుండాలి" అంది.

మా పుట్టిల్లు కొల్లేటికోట. మా నాన్నగారు చేపల చెరువులు చేస్తారు. ఆయన దృష్టిలో చేపలు మింగే గూడకొంగ అంటే పచ్చి దొంగ. చెరువు మీద తాళ్ళు కట్టించి, డబ్బాలు మోగించి మరీ తరిమిస్తారు. మనవరాలికి మాత్రం ఆ దొంగలే ముద్దు, సంచీలాంటి ఆ ముక్కుతో సహా. సరేనని పెద్ద కాన్వాసు మీద ఆకాశం, నీళ్ళు వేశాను. దాని మీద కాగితం పొరలు. వెనక చెరువు గట్టు, దాని ముందు నీళ్ళలో పెరిగే కిక్కిస గడ్డి దుబ్బులు, అన్నిటికన్నా ముందు కొంగలు. పొరకీ పొరకీ మధ్య థర్మాకోల్ ముక్కలు పెట్టి ఎత్తు చేస్తే, లైటు వెలుగులో నీడలు పడి నిజంగానే లోతు కనిపిస్తుంది. "ఆన్‌లైన్లో స్టిక్కర్లు దొరుకుతాయిగా, ఎందుకీ కష్టం?" అన్నారు మా ఆయన. ఒళ్ళు మండిపోయింది.

మొత్తానికి పూర్తి చేసి మంచం పక్క గోడకి తగిలించాం. కొంగలన్నీ దిండు వైపు తిరిగి, మా అమ్మాయిని చూస్తున్నట్టే ఉన్నాయి. అది మంచమెక్కి ఒక్కొక్క ముక్కునీ నిమిరింది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు వచ్చారు మా అత్తగారు.

"అదేంటమ్మా, దక్షిణం గోడకి నీళ్ళా? నీళ్ళు ఉత్తరాన ఉండాలి కదమ్మా. అందులోనూ ఇలాంటప్పుడు."

ఆవిడ చాలా మెత్తగా మాట్లాడతారు. గట్టిగా అరిచే మనిషైతే నేనూ అరిచేదాన్ని. బొమ్మని ఎదురుగోడకి మార్చాం. ఆవిడ మళ్ళీ కాసేపు నిలబడి చూశారు.

"ఇప్పుడు పక్షులు తలుపు వైపు తిరిగాయమ్మా. ఇంట్లోంచి వెళ్ళిపోతున్నట్టున్నాయి. అలా ఉండకూడదు. కాస్త ఇటు తిప్పెయ్యరాదూ?"

కాస్త తిప్పెయ్యడమట! అవేమైనా దోసెలా? రంగు ఒకవైపే వేశాను, వెనకంతా తెల్ల కాగితం. కొంగలన్నీ మళ్ళీ గీసి, కత్తిరించి, రంగులు వేయాలి. పాతవి పీకితే కింద కిక్కిస చిరుగుతుంది, అదీ కొత్తది చెయ్యాలి. "ఏవండీ, మీరైనా చెప్పండి" అన్నాను. "అమ్మ మాట తీసెయ్యడం ఎందుకు? ఒక్క పూట పనేగా" అనేసి ఆయన తాడేపల్లిగూడెం ఆఫీసుకి రైలు అందుకోవడానికి పరుగెత్తారు.

ఆ ఒక్క పూట పని వారం దాటింది. పళ్ళు కొరుకుతూ కొంగల్ని పీకుతూంటే మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మా, బాగున్నాయి కదా, ఎందుకు పీకేస్తున్నావు?"

"ఇంట్లోవి బయటికి పోకూడదటే. అందుకని లోపలికి తిప్పుతున్నాను" అన్నాను విసుగ్గా.

అది చినిగిన కొంగల్ని ఏరుకుని ఒళ్ళో పెట్టుకుంది.

కొత్త కొంగలు గోడెక్కాయి, అన్నీ లోపలికే చూస్తూ. మా అత్తగారు చూసి, "ఇప్పుడు నిండుగా ఉందమ్మా" అన్నారు. ఆ పూట పడుకునే వేళకి కొత్త దుప్పటి పరిచి, లైటు వేసి, మా అమ్మాయిని పిలిచాను. అది తన దిండు రెండు చేతులా పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. బొమ్మ వంక చూసింది, నా వంక చూసింది.

"పక్షులు బయటికి వెళ్ళకూడదని అన్నీ పీకి మళ్ళీ అతికించావు కదా. మరి నన్నెందుకమ్మా బయటికి పంపేస్తున్నారు?"

బయటికి కాదే, పక్క గదిలోకే కదా అనబోయాను. ఇన్నాళ్ళూ కాగితం మీద, ముసురు మీద, అత్తగారి మీద, మా ఆయన మీద పడ్డ కోపానికి ఇప్పుడు ఎవరి మీదకి వెళ్ళాలో తెలియలేదు. నేను ఏ మాట దాని మనసులో పడకూడదనుకున్నానో, ఆ మాటే అది అడిగింది.

దాని చేతుల్లోంచి దిండు తీసుకుని, మా మంచం మధ్యలో పెట్టాను.