పోయిండు అన్న మాట

మా ఇంట్లో "పోయిండు" అంటే వెళ్ళాడని అర్థం. నాయిన డ్యూటీకి పోయిండు, తమ్ముడు ట్యూషన్‌కు పోయిండు, పాలాయన వచ్చి పోయిండు. ఎవరైనా కన్నుమూస్తే "సచ్చిపోయిండు" అని పూర్తిగా అంటాం, లేదంటే "కాలం జేసిండు" అంటాం. నల్గొండ జిల్లా నుంచి వచ్చి కర్మన్‌ఘాట్‌లో కిరాయికి దిగినవాళ్ళం. ఇంత చిన్న మాటలో ఇంత గొడవ ఉందని దిల్‌సుఖ్‌నగర్‌లో ఉద్యోగానికి చేరేదాకా నాకు తెలియదు.

ఉద్యోగం లోకల్ కేబుల్ ఛానెల్‌లో వార్తలు చదవడం. మిఠాయి దుకాణం మీద రెండు గదులు మా స్టేషన్. ఒక గదిలో నీలం గుడ్డ, రెండు లైట్లు, స్టాండు మీద కదలకుండా బిగించిన కెమెరా, దాని ముందు నేను. రెండో గదిలో డెస్కు. డెస్కంటే ఏమో అనుకునేరు, ఒక బల్ల, రెండు కంప్యూటర్లు, మా ఇన్‌చార్జి సారు, అంతే. కింద నుంచి పొద్దంతా నెయ్యి వాసన వచ్చేది. మొదట్లో నోరూరేది, తర్వాత తర్వాత వెగటు పుట్టేది.

సారుది కోస్తా. ఏదో పెద్ద పత్రికలో ఏళ్ళ తరబడి పనిచేసి, అక్కడ పడక ఇటు వచ్చారు. చేరిన కొత్తలో ఒకరోజు నాకు ఆలస్యమైంది. ఎందుకమ్మా అని అడిగితే, మా నాయిన పొద్దుగాలనే పోయిండు సార్, ఇంట్ల ఎవ్వరు లేకుండె అన్నాను. ఆయన గబుక్కున లేచి నిలబడ్డారు. మొహం పాలిపోయింది. ఇలాంటప్పుడు ఎందుకొచ్చావమ్మా, ఇంటికి వెళ్ళు, నేను చూసుకుంటాను అంటూ తన జేబులో రుమాలు తీసి నాకిచ్చారు. నాకు సంగతి అర్థమై నవ్వాగలేదు. డ్యూటీకి పోయిండు సార్ అన్నాను. ఆయన ఉస్సురని కూలబడి, నన్ను తిట్టలేక ఆ మాటను తిట్టారు. వాళ్ళ వైపు ఫలానాయన పోయాడంటే ఇక ఆ మనిషి లేడనే. ఆ తర్వాత మా నాయిన బాగున్నాడా అని అడగాల్సి వస్తే "పోలేదు కదా?" అనేవారు. నేను లేదు సార్, ఇంట్లనే ఉన్నడు అనేదాన్ని.

వార్తల దగ్గర మాత్రం ఆయనకు నవ్వు తెలియదు. ఒకడు చెబితే అది మాట, ఇద్దరు చెబితే వార్త అనేవారు. చనిపోయినవాళ్ళ పేరు ఇంటివాళ్ళకు తెలియకముందు మన తెర మీదకు రాకూడదు అనేవారు. తప్పు వేస్తే గప్‌చుప్‌గా తీసెయ్యడం దిద్దడం కాదు, తప్పని మన నోటితో చెప్పడమే దిద్దడం అనేవారు. మా ఓనరుది సరూర్‌నగర్, కేబుల్ వైర్లు భుజాన మోసి పైకొచ్చిన మనిషి. మన గల్లీ సంగతి పెద్ద ఛానెల్లో ముందొస్తే ఇంక మన డబ్బా ఎందుకు అన్నదొక్కటే ఆయన సిద్ధాంతం. మెట్ల గోడ మీద "మీ గల్లీ, మీ వార్త" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాయించాడు. దాని కింద నిజం అన్న ముక్క కూడా ఎక్కడన్నా పెట్టిద్దామని సారు అంటే, గోడ మీద జాగ లేదన్నాడట.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఇవాళ బందు, రేపు రాస్తారోకో, ఎల్లుండి వంటావార్పు. బస్సులు ఎప్పుడు తిరుగుతాయో తెలియదు, చైతన్యపురి హాస్టళ్ళ పిల్లలు ఎప్పుడు రోడ్డెక్కుతారో తెలియదు. నేను చదివే కాగితాల్లో ఎవరో ఒక పిల్లాడి చావు లేని రోజు తక్కువ. మొదటి చావు చదివిన రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేదు. ఆ తర్వాత అలవాటైంది. చదివేటప్పుడు అర్థం వైపు పోకుండా కామాలు, ఫుల్‌స్టాపులు చూసుకుంటూ పోయేదాన్ని. గొంతు బాగుందని అందరూ మెచ్చుకునేవారు. లోపల మొద్దుబారిందని నాకు తెలుసు. ఏం చెయ్యను, ఏడ్చుకుంటూ చదివే మనిషికి ఎవరు ఉద్యోగమిస్తారు? మా అమ్మ ఒకసారి టీవీలో నన్ను చూసి, నీ మొహం నీది లెక్క లేదే అంది.

ఆ రోజు కూడా బందే. పొద్దున్నే చైతన్యపురి నుంచి పిల్లలు ర్యాలీగా బయలుదేరారు, మా దుకాణానికి కొంచెం అవతల పోలీసులు ఆపారు, లాఠీలు లేచాయి. బాష్పవాయువు మా గదిలోకి కూడా వచ్చింది. తడి గుడ్డలు ముక్కుకు కట్టుకుని కూర్చున్నాం. మా రిపోర్టరు నలభై దాటిన మనిషి, మా జిల్లావాడే, దవాఖాన నుంచి ఫోన్ చేశాడు. ఫలానా విద్యార్థికి తల పగిలింది, పేరు ఇది, ఊరు ఇది, తండ్రి లేడు. సారు తెర కింద పరుగెత్తే స్క్రోల్ వేశారు, తీవ్ర గాయాలని. నేను చదివాను.

మళ్ళీ ఫోన్ మోగినప్పుడు నేను లోపల లైట్ల కింద ఉన్నాను. కింద నినాదాలు, సైరన్లు. సారు ఒక చెవి మూసుకుని ఇంకో చెవికి ఫోన్ అదుముకుని "ఏంటి? ఏంటి?" అని అరవడం వినపడింది. లైను తెగిపోయింది. ఆ వెంటనే ఓనరు ఫోను. పక్క ఛానెలోళ్ళ బండి దవాఖాన కాడికి పోతుందట, మన ఏరియా పిల్లగాడు, మనమే ముందుండాలె అని. తర్వాత సారు కాగితం తెచ్చి నా ముందు పెట్టారు. లాఠీచార్జిలో గాయపడిన విద్యార్థి మృతి. పేరు, ఊరు, అన్నీ. నేను చదివాను. ఎప్పటిలాగే కామా దగ్గర ఆగి, ఫుల్‌స్టాపు దగ్గర గొంతు దించి చదివాను. చౌరస్తాలో పిల్లలు రోడ్డు మీదే నిలబడి మౌనం పాటించారని తర్వాత విన్నాను.

కాసేపటికి మా రిపోర్టరు మెట్లెక్కి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. సచ్చిపోయిండని మీకు ఎవలు జెప్పిన్రు సార్ అన్నాడు.

"నువ్వే కదయ్యా. పోయిండు అన్నావు."

"పోయిండన్న సార్. కట్టు కట్టిన్రు, పోయిండు అన్న. దోస్తుల భుజం పట్టుకొని నడుసుకుంట పోయిండు. నేను సూస్తనే ఉన్న."

కట్టు కట్టిన్రు అన్న ముక్కను సైరను మింగేసింది. మిగిలిన ఒక్క ముక్క సారు చెవిలో పడింది. ఆ మాటకు మా దగ్గర అర్థమేమిటో ఆయనకు తెలియదా? నా మీదే ఎన్నిసార్లు నవ్వలేదు! కానీ పొద్దున లేస్తే చావులే వినే చెవి, ఆ రోజు కూడా చావునే వింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ పెట్టుకున్నారు.

ఓనరుకు ఫోన్ చేసి తప్పు జరిగింది, సవరణ చదివిస్తాను అన్నారు. ఓనరు వద్దన్నాడు. స్క్రోల్ తీసెయ్యండి చాలు, ఎవ్వలు అడగరు అన్నాడు. ఇప్పుడు బతికే ఉన్నడంటే, ఆంధ్ర సారు చావును దాపెడుతుండని ఆఫీసు పలగ్గొడతరు, మీ నెత్తి గూడ పలుగుతది అన్నాడు. అందులో అబద్ధమేమీ లేదు. సారు స్క్రోల్ తీసేశారు. తెర కింద ఖాళీ అయింది. అక్కడ పెళ్ళిచీరల యాడ్ పరుగెత్తింది.

అంతలో చైతన్యపురిలోని ఒక హాస్టల్ నుంచి ఫోన్. ఆ పిల్లాడి తల్లి ఆ హాస్టల్ వంటింట్లోనే చపాతీలు చేస్తుందట, ఎల్బీనగర్‌లో గది తీసుకుని ఉంటుందట. భోజనాల హాల్లో టీవీ చూసి, పిండి చేతులతోనే దవాఖానకు పరుగెత్తిందట. శవాన్ని ఎప్పుడిస్తారో మీకేమన్నా తెలుసా అని అడుగుతున్నాడు వార్డెను. సారు నా వైపు చూసి, నువ్వు వెళ్ళమ్మా, నీ మొహమైతే ఆవిడ గుర్తుపడుతుంది అన్నారు. రిపోర్టరు బండి మీద సందుల్లోంచి పోయాం. పిల్లాణ్ణి వెతుకుదామంటే ఎక్కడని వెతుకుతాం? తలకు కట్టు కనపడితే పోలీసులు పట్టుకుపోతున్నారు, ఏ స్నేహితుడి గదిలో దాక్కున్నాడో, వాడి ఫోన్ తొక్కిసలాటలోనే పోయిందట.

దవాఖానలో శవాల గదికి తాళం వేసి ఉంది. దాని గడప పక్కన ఆమె గోడకానుకుని కూర్చుంది. పోలీసు కాగితాలు రానిదే తలుపు తీసేది లేదని వాచ్‌మన్ చెప్పాడట. లోపల చిన్న వయసు పిల్లాడి శవం ఉందని కూడా చెప్పాడట. ఇంకేం కావాలి ఆమెకు నమ్మడానికి? ఏడ్చి ఏడ్చి ఆగిపోయి ఉంది. మోచేతుల దాకా పిండి ఎండి తెల్లగా పెచ్చులు కట్టింది.

"నువ్వే గద బిడ్డా, టీవీల జెప్పింది" అంది.

అవునన్నాను. తప్పు జెప్పినమమ్మా, నీ కొడుకు మంచిగున్నడు, కట్టు కట్టించుకొని పోయిండు, ఈయన కండ్లార సూసిండు అన్నాను. రిపోర్టరు ఒట్టేసి చెప్పాడు. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నామనుకుంది. బందు నాడు శవాన్ని మాయం చెయ్యడానికి తనను ఇక్కడి నుంచి లేపుతున్నామనుకుంది. ఆమె తప్పేముంది, అట్లాంటి రోజులవి.

"సచ్చిండని అందరికి జెప్పి, బతికిండని నా ఒక్కదాని చెవుల జెప్తవా? గది టీవీల జెప్పినవ్ గద, గిది గూడ టీవీల జెప్పు. అప్పుడు లేస్త."

పక్కకు వెళ్ళి సారుకు ఫోన్ చేసి ఆమె అన్న మాట అన్నట్టే చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను. సరే పెట్టెయ్ అన్నారు.

వాచ్‌మన్ గదిలో చిన్న టీవీ ఉంది, గేటు ముందరి చాయ్ డబ్బా నుంచి కేబుల్ వైరు లాక్కున్నాడు. ఆమెను రెక్క పట్టుకుని అక్కడిదాకా తీసుకుపోయి మా ఛానెల్ పెట్టించాను. యాడ్ మధ్యలో తెగింది. నీలం గుడ్డ ముందు నా కుర్చీలో సారు. కెమెరా నా ఎత్తుకు బిగించి ఉంది కాబట్టి ఆయన నుదురు పైన తెగిపోయింది. ముందెప్పుడూ తెర మీద కనపడని మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్లాడి పేరు, ఊరు చెప్పారు.

"ఆ అబ్బాయి బతికే ఉన్నాడు. చనిపోయాడని మేం చెప్పింది తప్పు. ఫోన్‌లో చెప్పింది నేను తప్పుగా విన్నాను. ఈ తప్పు నాది. ఆ తల్లి నన్ను క్షమించాలి."

వాళ్ళ యాస ఎక్కడా దాచుకోలేదు. మళ్ళీ మొదటి నుంచి అదే చెప్పారు. ఆఫీసు మీద ఒక్క రాయి కూడా పడలేదు. కానీ ఓనరు ఆ వారంలోనే ఆయన్ని మాన్పించాడు. పిల్లాడు గొడవలు సద్దుమణిగాక ఇల్లు చేరాడు. ఇవన్నీ తర్వాతి సంగతులు.

అప్పుడు మాత్రం ఆమె టీవీ వైపే చూస్తూ నిలబడింది. తర్వాత వాచ్‌మన్ కుండలోంచి నీళ్ళు ముంచుకుని గటగటా తాగింది. సచ్చిండని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతది తల్లీ, నూరేండ్లు బతుకుతడు నీ కొడుకు అన్నాడు వాచ్‌మన్. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు సంతోషం కలగాలి కదా, కలగలేదు. పని అయిపోయింది, ఇక పోవచ్చు అనుకున్నాను అంతే.

ఆమె తాళం వేసిన తలుపు వైపు తిరిగి, మరి లోపలున్న పిల్లగాడు ఎవరు అని అడిగింది. వాచ్‌మన్‌కు కూడా తెలియదు. తెల్లారగట్ల ఎల్బీనగర్ చౌరస్తాలో లారీ గుద్దిందట, జేబులో ఏమీ లేదట, ఎవరూ రాలేదట. నీకు తెలుసా అన్నట్టు రిపోర్టరు వైపు చూశాను. పొద్దున్నే తెలుసట. ఉద్యమంతో సంబంధం లేదని డెస్కుకు చెప్పలేదట. అది మామూలు యాక్సిడెంటే అన్నాడు.

పోదాం పా అమ్మా, నీ కొడుకును ఎతుకుదాం అన్నాను. ఆమె వెనక్కి నడిచి, ఇందాకటి చోటనే గడప పక్కన మళ్ళీ కూర్చుంది.

"నా కొడుకు బతికున్నడు గద, ఒస్తడు తియ్యి. ఇంతసేపు నేను ఏడ్సింది గీ పిల్లగానికే బిడ్డా. వాళ్ళమ్మకు ఇంక ఎవ్వలు జెప్పలేదు. ఆమె ఒచ్చేదాక ఉంట."

నేనూ ఆమె పక్కన కూర్చున్నాను. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.